శ్రీలంక టూరుకి బయల్దేరుతున్నారా? ఊళ్లతో పాటు గంటలూ లెక్కపెట్టండి

'ఆరు రాత్రులు, ఏడు పగళ్లు, ఇరవై ప్రదేశాలు' అని ప్యాకేజీ కాగితం మీద చూడగానే ముచ్చటేస్తుంది. మ్యాపులో శ్రీలంక చిన్నదే. విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగానికి కాస్త ఎక్కువ. ఆ కాస్త జాగాలోనే రెండు రుతుపవనాలు, రెండు వేల ఏళ్లు దాటిన పాత రాజధాని, చిరుతల అడవులు, టీ కొండలు ఉన్నాయి. వాటి మధ్య దారులేమో మెలికలు. ఇరవై చోట్లా దిగి ఫొటో తీసుకుని మళ్లీ బస్సెక్కితే చూసింది ఏదో ఇంటికొచ్చాక గుర్తుండదు. డబ్బు కట్టే ముందు కొంత, అక్కడికెళ్లాక కొంత జాగ్రత్తపడితే టూరు తీరిగ్గా సాగుతుంది.

కట్టే ముందు

1. నెలను బట్టి దారి ఎంచుకోండి. నైరుతి రుతుపవనాలు మే నుంచి సెప్టెంబరు దాకా కొలంబో, గాలె వైపు, కొండల పడమటి వాలు మీద కురుస్తాయి. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తూర్పు, ఉత్తర భాగాలను తడుపుతాయి. కాబట్టి డిసెంబరు నుంచి మార్చి దాకా దక్షిణ తీరం, కొండలు బాగుంటాయి. మన వేసవి సెలవుల్లో వెళ్తే ట్రింకోమలీ వైపు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. ఏ నెలకైనా ఒకటే రూటు చూపించే ఏజెంటును 'ఆ నెలలో అక్కడ వాన ఉండదా?' అని సూటిగా అడగండి.

2. ప్రతి రోజు పక్కన ప్రయాణ గంటలు రాయించుకోండి. క్యాండీ నుంచి నువర ఎలియకు 75 కిలోమీటర్ల చిల్లర. ఆ ఘాట్ రోడ్డులో రెండున్నర, మూడు గంటలు పడుతుంది. విమానాశ్రయం నుంచి సిగిరియాకు నాలుగు గంటలు వేసుకోవాలి. రోజుకు నాలుగు గంటలకు మించి బస్సులో కూర్చునే రోజులు ఎన్నున్నాయో చూడండి. వరసగా రెండు రోజులు అలాగే ఉంటే ఒక ఊరు తీసేయమనండి. ఇంట్లో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే ఇది తప్పనిసరి.

3. ఒకేచోట రెండు రాత్రులు ఉండేలా చూడండి. రోజూ పెట్టెలు సర్దడంలోనే సగం ఓపిక హరించుకుపోతుంది. హబరణలో గానీ దంబుల్లాలో గానీ బస చేస్తే సిగిరియా, దంబుల్లా గుహలు, పొలొన్నరువ, మిన్నేరియా ఏనుగులు అన్నీ అక్కడి నుంచే చూసి రావచ్చు. 

4. 'అన్నీ కలిపి' అంటే ఏమేమిటో కాగితం మీద పెట్టించండి. హోటలు, బస్సు, ఉదయం టిఫిను మాత్రమే కలిపి, ప్రవేశ టిక్కెట్లు, సఫారీ జీపు, రైలు టిక్కెట్టు విడిగా అడగడం మామూలే. విదేశీయుల టిక్కెట్లు అక్కడ ఖరీదు. అయితే సిగిరియా, పొలొన్నరువ లాంటి చోట్ల సార్క్ దేశాల వాళ్లకు తగ్గింపు ధర ఉంది. మనమూ ఆ లెక్కలోకి వస్తాం. కౌంటరు దగ్గర పాస్‌పోర్టు చూపించాలి, పెట్టెలో అడుగున పెట్టేయకండి. ప్యాకేజీలో ఏ ధర వేశారో కూడా అడగండి.

5. పాన్ నంబరు సరిగ్గా ఇవ్వండి. విదేశీ ప్యాకేజీ మీద ఏజెంటు టీసీఎస్ పేరుతో కొంత పన్ను వసూలు చేస్తాడు. అది పోయిన డబ్బు కాదు. ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, కట్టాల్సిన పన్ను లేకపోతే వెనక్కి తీసుకోవచ్చు. ఎవరి పాన్ మీద కట్టారో వారికే వస్తుంది కాబట్టి బంధువులంతా కలిసి వెళ్లేటప్పుడు అందరి సొమ్మూ ఒకరి పేరున కట్టకండి.

6. వీసా సంగతి ప్రభుత్వ సైటులోనే చూడండి. ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో ఈటీఏ అనుమతి తీసుకోవాలి. దాని నిబంధనలు, రుసుములు తరచూ మారుతుంటాయి. వెతికితే ముందు కనిపించేవి ప్రైవేటు సైట్లు, వాటిలో సర్వీసు చార్జీ పడుతుంది.

7. గైడు ఎవరో ముందే కనుక్కోండి. ఇక్కడి నుంచి వెంట వచ్చే తెలుగు మేనేజరు భోజనాలు, గదులు చూసుకుంటారు. ఆ దేశం గురించి చెప్పాల్సింది స్థానిక గైడు. శ్రీలంక పర్యాటక అభివృద్ధి సంస్థ గైడ్లకు లైసెన్సులు ఇస్తుంది. దేశమంతా తిప్పే నేషనల్ గైడు, బండి నడుపుతూ చూపించే డ్రైవర్ గైడు, ఒక్క చోటికే పరిమితమైన సైట్ గైడు అని తరగతులున్నాయి. పదిహేను మంది దాటితే నేషనల్ గైడు కావాలని పట్టుబట్టండి. డ్రైవింగ్ చేస్తూ వెనక సీటు దాకా వినిపించేలా చెప్పడం ఎవరి వల్లా కాదు. ఏ భాషలో చెబుతారో కూడా అడిగి పెట్టుకోండి.

అక్కడికెళ్లాక: గుడులు, కోటలు

8. సిగిరియా గుట్ట ఎక్కాలంటే తెల్లవారే బయల్దేరండి. సుమారు 1,200 మెట్లు. తొమ్మిది దాటితే రాయి కాలుతుంది, మెట్ల మీద జనం బారులు తీరతారు. అయిదో శతాబ్దంలో కశ్యపుడనే రాజు ఈ గుట్ట మీద రాజప్రాసాదం కట్టుకున్నాడు. దారి మధ్యలో అప్సరసల చిత్రాలున్నాయి, వాటిని ఫొటో తీయనివ్వరు. పక్కనే అద్దపు గోడ. ఆ చిత్రాలు చూసి మురిసిన యాత్రికులు శతాబ్దాల తరబడి ఆ గోడ మీద పద్యాలు గీకి వెళ్లారు. పురావస్తు పండితుడు పరణవితాన వాటిలో 685 చదివి 1956లో అచ్చు వేయించారు. గైడును అక్కడ ఆగమని అడగండి, చాలామంది దాన్ని చూడకుండానే దాటిపోతారు. గుట్టకు కందిరీగల పట్లుంటాయి, గట్టిగా అరవకండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నీటి తోటల్లో తిరిగినా టిక్కెట్టు వృథా పోదు.

9. సంచిలో పాత సాక్సు జత పెట్టుకోండి. గుళ్లలో చెప్పులతో పాటు టోపీ కూడా తీయాలి. దంబుల్లా గుహల ముంగిట, అనురాధపురం స్తూపాల చుట్టూ మధ్యాహ్నం బండలు నిప్పులే. భుజాలు, మోకాళ్లు కప్పే నూలు బట్టలు వేసుకోండి. తెలుపైతే మరీ మంచిది, అక్కడి భక్తులు కట్టుకునేది అదే. చున్నీ గానీ కండువా గానీ ఒకటి చేతిలో ఉంటే అన్నిటికీ పనికొస్తుంది.

10. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోకండి. మనకు చిన్న సంగతిగా కనిపించవచ్చు, వాళ్లకది అవమానం. విగ్రహాల పక్కన ఫోజులు పెట్టడం, వాటి మీద చేతులు వేయడం కూడా అంతే. ఒంటి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉంటే కప్పుకోండి, దాని మూలంగా విదేశీయులను వెనక్కి పంపిన సందర్భాలున్నాయి. పిల్లలకు బస్సు దిగకముందే చెప్పండి.

11. మన ఊళ్ల లంకె ఉన్నచోట గైడును ప్రశ్నలడగండి. మూడో శతాబ్దపు నాగార్జునకొండ శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉంది. లంక నుంచి కృష్ణా తీరానికి భిక్షువుల రాకపోకలుండేవని దాన్ని బట్టే తెలుస్తుంది. క్యాండీని 1739 నుంచి 1815 దాకా ఏలిన నాయక రాజులు మదురై నాయకుల బంధువర్గం, వాళ్ల మూలాలు తెలుగువి. వారిలో కీర్తిశ్రీ రాజసింహుడు దంబుల్లా గుహలకు మళ్లీ రంగులు వేయించాడు. చివరివాడు శ్రీ విక్రమ రాజసింహుడు క్యాండీ చెరువు తవ్వించాడు, ఆంగ్లేయులు గద్దె దింపి వేలూరు పంపేస్తే అక్కడే 1832లో చనిపోయాడు. ఇవి అడిగితే గైడుకూ ఉత్సాహం వస్తుంది, అప్పగించిన పాఠం వదిలి మాట్లాడతాడు.

12. దంతధాతు మందిరానికి పూజ వేళకే వెళ్లండి. క్యాండీలో బుద్ధుడి దంతం ఉన్న గది తలుపులు రోజూ మూడు పూటలు, పూజ సమయంలో తెరుస్తారు. డోళ్లు మోగుతుంటే వరసలో కదలాలి. దంతం కంటికి కనిపించదు, బంగారు కరండం మాత్రమే కనిపిస్తుంది. పిల్లలు నిరాశపడకుండా ఈ మాట ముందే చెప్పి ఉంచండి. కాగితంలో 'క్యాండీ గుడి, 2 గంటలు' అని ఊరికే రాసుంటే ఆ రెండు గంటలూ పూజకు కలిసేలా మార్చమనండి. జులై, ఆగస్టుల్లో ఎసల పెరహెర ఊరేగింపు రోజుల్లో వెళ్తే ఏనుగులు, కాగడాలు, నాట్యగాళ్లు కనువిందు చేస్తారు. అప్పుడు గదుల ధరలు కూడా ఎక్కువే.

13. పౌర్ణమి ఎప్పుడో క్యాలెండరులో చూసుకోండి. అక్కడ ప్రతి పౌర్ణమీ సెలవే, పోయ అంటారు. ఆ రోజు మద్యం అమ్మరు, చాలా దుకాణాలు మూస్తారు, గుళ్లన్నీ తెల్ల బట్టల జనంతో నిండిపోతాయి. కొనుగోళ్లు వేరే రోజుకు మార్చుకుని, ఆ సాయంత్రం ఏదైనా విహారానికి తీసుకెళ్లమనండి.

14. రామాయణ స్థలాలకు ఎన్ని గంటలో తేల్చుకోండి. నువర ఎలియ దగ్గర సీతా ఎలియలో అమ్మవారి గుడి, దాని దగ్గర్లోనే హక్గల తోట, రంబొడలో హనుమంతుడి గుడి, ట్రింకోమలీలో కోణేశ్వరం పెద్దవాళ్లు తప్పక చూడాలనుకుంటారు. మొదటి మూడూ కొండ దారిలోనే తగులుతాయి. కోణేశ్వరం మాత్రం తూర్పు తీరాన దూరంగా ఉంది, దానికి ఒక రోజు పోతుంది.

అడవి, కొండ, సముద్రం

15. రైలు మొత్తం కాకుండా ఒక ముక్క ఎక్కండి. క్యాండీ నుంచి ఎల్లాకు రైల్లో దాదాపు ఏడు గంటలు. టీ తోటలు, పైన్ చెట్లు, సొరంగాలు ఎక్కువగా ఉండేది నానుఓయ, ఎల్లా మధ్య. అంత వరకే ఎక్కి, సామాను బస్సులో పంపితే సరిపోతుంది. రిజర్వేషను చాలా ముందే అయిపోతుంది, టిక్కెట్టు చేతికొచ్చిందా అని ఏజెంటును అడగండి. వానలకు కొండచరియలు పడితే రైళ్లు ఆగుతాయి, అప్పుడు ఏం చేస్తారో కూడా కనుక్కోండి. తలుపు దగ్గర వేలాడే ఫొటోల జోలికి పోవద్దు.

16. స్వెట్టరు మర్చిపోకండి. నువర ఎలియ ఎత్తు 1,868 మీటర్లు, రాత్రుళ్లు వణికిస్తుంది. హార్టన్ ప్లెయిన్స్‌లో తొమ్మిది కిలోమీటర్ల నడక ఉంది, 'ప్రపంచపు అంచు' అనే కొండ అంచు దగ్గర పొద్దెక్కితే మబ్బు కమ్ముతుంది. అందుకే అయిదింటికే లేపుతారు. గేటు దగ్గర ప్లాస్టిక్ కవర్లు తీయించేస్తారు, తినేవి డబ్బాల్లో సర్దుకోండి.

17. సఫారీకి చిరుత హామీ అడగకండి. ఈ దీవిలో పులులు, సింహాలు లేవు. చిరుతే అడవికి పెద్ద. యాలా నేషనల్ పార్కులో అది కనిపించే అవకాశం ఎక్కువే, జీపుల రద్దీ కూడా ఎక్కువే. ఎండలు ముదిరాక సెప్టెంబరు, అక్టోబరుల్లో అక్కడ కొంత భాగం మూసేస్తుంటారు. ప్రశాంతంగా చూడాలంటే విల్పత్తు. ఏనుగుల కోసమైతే ఆగస్టు, సెప్టెంబరుల్లో మిన్నేరియా. మూడో శతాబ్దంలో మహాసేన రాజు తవ్వించిన అక్కడి చెరువులో నీరు తగ్గాక అడుగున లేతగడ్డి మొలుస్తుంది, దానికోసం ఏనుగులు వందల్లో చేరతాయి. 'దగ్గరికి పోనీ' అని డ్రైవరును తొందరపెట్టకండి. ఒక జీపు జరిగితే పది జీపులు జరుగుతాయి, జంతువు వెళ్లిపోతుంది.

18. ఏనుగు సవారీ ఉంటే వద్దనండి. దానికి బదులు ఉడవలవెలో తల్లిని పోగొట్టుకున్న గున్నలను పెంచి అడవిలో వదిలే కేంద్రం ఉంది. పాలు పట్టే వేళకు దూరంగా కూర్చుని చూడనిస్తారు. పిల్లలకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

19. జలగలకు, అలలకు సిద్ధంగా ఉండండి. సింహరాజ వర్షారణ్యంలో జలగలుంటాయి. ప్యాంటు అంచులు పొడవు సాక్సులో దోపుకోండి. పట్టుకుంటే లాగకండి, ఉప్పు వేస్తే వదిలేస్తుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మిరిస్స నుంచి నీలి తిమింగలాలు చూడటానికి పడవలు వెళ్తాయి. వాంతులు కాకుండా మాత్ర వేసుకునేవాళ్లు ముందే డాక్టరును అడిగి తీసుకెళ్లండి.

తిండి, డబ్బు

20. శాకాహారులు 'ఎండుచేప కూడా వద్దు' అని విడిగా చెప్పాలి. కొబ్బరి, ఎండుమిర్చి కలిపి దంచిన పోల్ సంబోల్ చూస్తే మన పచ్చడే అనిపిస్తుంది. అందులోనూ, కొన్ని కూరగాయల కూరల్లోనూ మాల్దీవుల ఎండుచేప పొడి వేస్తారు, దాన్ని ఉంబలకడ అంటారు. మాంసం లేదంటే శాకాహారమే కదా అనుకుని వడ్డించేస్తారు. 'ఉంబలకడ వద్దు' అంటే వెంటనే అర్థమవుతుంది. ఇడియాప్పం, అప్పం, కిత్తుల్ చెట్టు పాకం పోసిన గేదె పెరుగు, వెలగపండు రసం నిశ్చింతగా తీసుకోవచ్చు. రోజూ ఉత్తరాది బఫే పెట్టే టూరైతే రెండు పూటలైనా స్థానిక భోజనం అడగండి.

21. షాపుల దగ్గర ఆగడానికి హద్దు పెట్టండి. మసాలా తోట, రత్నాల దుకాణం, బాతిక్ బట్టలు దారి పొడవునా ఉంటాయి. ఇలాంటి చోట్ల కొన్నదాని మీద బండి తెచ్చినవారికి కమిషను ముట్టడం రివాజు. ఒకటి రెండు చూడటం సరదానే. టూరు మొత్తానికి రెండుకు మించి వద్దని మొదటి రోజే అందరూ కలిసి చెప్పేయండి. రత్నం ఖరీదైనదైతే సర్టిఫికెట్టు లేకుండా కొనకండి. మోకాళ్ల నొప్పికి, జుట్టుకు అంటూ అమ్మే నూనెల విషయంలో మీ డాక్టరు మాటే వినండి.

22. చిల్లర, ప్లగ్గు, టిప్పు. మన రూపాయి అక్కడ మూడు రూపాయల పైచిలుకు, బోర్డు మీది ధర చూసి కంగారుపడకండి. 2024 నుంచి కొన్ని చోట్ల మన యూపీఐ పనిచేస్తోంది, అన్ని చోట్లా కాదు. చాలా హోటళ్లలో చదరపు మూడు పుల్లల ప్లగ్గు ఉంటుంది, అడాప్టరు ఒకటి తీసుకెళ్లండి. గైడుకు, డ్రైవరుకు ఇచ్చే టిప్పు తలా ఇంత అని ముందే వేసుకుని, చివరి రోజు కవర్లలో విడివిడిగా ఇవ్వండి.

23. తిరుగు రోజున ఏమీ పెట్టకండి. దక్షిణ తీరం నుంచి విమానాశ్రయానికి మధ్యలో కొలంబో రద్దీ అడ్డొస్తుంది. ముందు రాత్రి నెగొంబోలో ఉంటే విమానాశ్రయం దగ్గరే. కాగితంలో 'కొలంబో సిటీ టూర్, షాపింగ్, రాత్రి విమానం' అని ఒకే రోజు మీద ఉంటే సిటీ టూరును ముందు రోజుకు జరపమనండి. కుదరదంటే దాన్ని తీసేసి, ఆ మేరకు ధర తగ్గించమని బుకింగ్ అప్పుడే బేరమాడండి.