ఫోను పట్టిన పిల్లలకు, పెద్దలకు పాఠము

మన నేత ఇండ్లలో ఇప్పుడు ఫోను కూడ ఒక పనిముట్టే. బేరగానికి చీర ఫొటో పంపుట, బయానా వచ్చినదో లేదో చూచుట అందులోనే జరుగుచున్నవి. సేలములోగాని, షోలాపూరులోగాని, ఇంట తెలుగు, బడిలో వేరొక భాష గల కుటుంబములలో బ్యాంకు సందేశము చదివి పెద్దలకు చెప్పునది తరచుగా 12, 14 ఏండ్ల పిల్లలే. కావున పిల్లలకు రెండు పాఠములు, పెద్దలకు ఒకటి అవసరము.

మొదటిది సొమ్ము సంగతి. మనకు సొమ్ము వచ్చుటకు పిన్ నొక్కనక్కరలేదు. "చీరకు బయానా పంపుచున్నాను, ఈ క్యూఆర్ కోడు స్కాను చేసి పిన్ నొక్కు" అన్నవాడు మోసగాడు. బ్యాంకు పేరు చెప్పి అడిగినను ఓటీపీ చెప్పరాదు.

రెండవది పరిచయముల సంగతి. ఆటలలోను, ఇన్‌స్టాగ్రామ్‌లోను "నీ యీడువాడనే" అని పలుకరించువాడు 40 ఏండ్లవాడు కావచ్చును. అట్టివారికి బడి పేరు, ఇంటి గుర్తులు, తమ ఫొటోలు పంపరాదు. "ఇంట్లో చెప్పకు" అన్నవానితో వెంటనే మాటలు మానవలెను.

మూడవది పెద్దలకు. పడుగులో పోగు తెగినచో మగ్గమాపి అతుకుదుము. చూడనట్లు నేసినచో లోపము బట్టలో సాగుచునే యుండును. పిల్లవాడో పిల్లయో ఫొటో పంపి, "డబ్బియ్యకున్న అందరికి చూపుదును" అను బెదిరింపునకు చిక్కినపుడును ఇంతే. ఇంట దెబ్బలు తప్పవను భయమే ఆ దుర్మార్గునికి పెట్టుబడి. ఒకసారి ఇచ్చినచో మరల అడుగును. బిడ్డ వచ్చి చెప్పినపుడు కొట్టక, "చెప్పి మంచిపని చేసితివి" అనవలెను. డబ్బు పంపరాదు. ఆ సందేశములు సాక్ష్యము గనుక చెరిపివేయరాదు, ఇతరులకు పంపరాదు.

సొమ్ము పోయినచో వెంటనే 1930కి ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, దానిని దారిలో ఆపుటకు అంత వీలుండును. బిడ్డ ఆపదలోనున్న 1098కి చేయవలెను. 2012 నాటి పోక్సో చట్టము 18 ఏండ్లలోపు ఆడపిల్లలకును, మగపిల్లలకును రక్షణ. బిడ్డ పేరు పత్రికలలో వేయరాదనియు అందు కలదు. కావున పరువునకు వెరచి దాచనక్కరలేదు.

అభ్యాసము: నేటి రాత్రి భోజనమైన పిమ్మట బిడ్డ నడుగుడు: "ఫోనులో నీకు భయము కలిగినచో ముందు ఎవరికి చెప్పుదువు?" బిడ్డ తడుముకొన్నచో మూడవ పాఠము మనమే మరల చదువవలెను.