సముద్రం వెనక్కు పోతే

బి.కొత్తకోటలో ఏ పక్క చూసినా కొండలే. హార్స్‌లీ కొండలు ఎక్కినా సముద్రం కనబడదు. అది రెండు వందల కిలోమీటర్లు దాటి ఉంది. అయినా చెన్నైకో, మహాబలిపురానికో పోయినప్పుడు మనవాళ్లు సముద్రం చూస్తారు. పిల్లల్ని నీళ్లలోకి దించుతారు. అందుకే సముద్రం సంగతి మనకూ తెలియాలి.

ఆటు, పోటు

సముద్రంలో నీళ్లు రోజంతా ఒకే మట్టంలో ఉండవు. చంద్రుడు, సూర్యుడు ఆ నీళ్లను తమవైపు లాగుతుంటారు. అందువల్ల మన తీరంలో రోజుకు రెండుసార్లు నీళ్లు పెరుగుతాయి, రెండుసార్లు తగ్గుతాయి. పెరిగితే పోటు అంటారు. తగ్గితే ఆటు అంటారు.

అమావాస్యకు, పున్నమికి సూర్యచంద్రుల బలం కలుస్తుంది. అప్పుడు పోటు బాగా పైకి వస్తుంది. ఆటు బాగా కిందికి పోతుంది. విశాఖపట్నం దగ్గర ఈ తేడా సుమారు ఒకటిన్నర మీటరు. గుజరాత్‌లోని ఖంభాత్ దగ్గర 10 మీటర్లు కూడా ఉంటుంది.

గాలి చేసే పని

ఆటుపోట్లు ఎప్పుడు వస్తాయో ముందే లెక్క కట్టవచ్చు. కానీ ఒక్కోసారి నీళ్లు లెక్కకన్నా ఇంకా కిందికి పోతాయి. ఎందుకు?

వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోయండి. ఒక పక్కనుంచి గట్టిగా ఊదండి. ఊదిన పక్క నీళ్లు తగ్గుతాయి. అవతలి పక్క పెరుగుతాయి. సముద్రంలోనూ ఇంతే. గాలి నేలమీదినుంచి సముద్రంలోకి వీస్తే ఒడ్డున నీళ్లు తగ్గుతాయి. సముద్రంమీదినుంచి ఒడ్డుకు వీస్తే నీళ్లు పెరుగుతాయి.

గాలికి బరువు కూడా ఉంది. అది సముద్రాన్ని నొక్కుతూ ఉంటుంది. ఆ ఒత్తిడిని మిల్లీబార్లలో కొలుస్తారు. ఒత్తిడి ఒక మిల్లీబారు పెరిగితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు దిగుతుంది. ఒత్తిడి తగ్గితే అంతే పైకి లేస్తుంది.

కాలాన్నిబట్టి కూడా మార్పు ఉంది. మన తీరంలో మార్చి నెల ప్రాంతంలో నీటిమట్టం తక్కువ. అక్టోబరు, నవంబరులో ఎక్కువ. తుఫానులు ఎక్కువగా వచ్చేదీ అప్పుడే.

తుఫాను వస్తే

తుఫానులో గాలి సుడి తిరుగుతుంది. మన తీరంలో తుఫాను ఒడ్డు దాటే చోటుకు ఉత్తరాన, గాలి సముద్రాన్ని ఊళ్లమీదికి తోస్తుంది. దక్షిణాన నీళ్లను లోపలికి నెడుతుంది. ఒకే తుఫానుకు ఒకచోట ఉప్పెన, ఇంకోచోట ఆటు!

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమలో ఉప్పెన వచ్చింది. సుమారు 5 మీటర్ల ఎత్తున నీళ్లు ఊళ్లమీద పడ్డాయి. వేలమంది చనిపోయారు. వాయుగుండం పడితే మన చెరువులు నిండుతాయని సంతోషిస్తాం. తీరంలోని అక్కచెల్లెళ్లకు అదే ప్రాణగండం.

ఇది గుర్తుంచుకోండి

ఆటు మెల్లగా వస్తుంది. దానికి గంటలు పడుతుంది. కానీ సముద్రం ఉన్నట్టుండి, కొద్ది నిమిషాల్లో వెనక్కు పోతే అది ఆటు కాదు. సునామీ కావచ్చు. సునామీకి గాలితో పనిలేదు. సముద్రం అడుగున భూమి కంపిస్తే అది పుడుతుంది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఆ రోజు మహాబలిపురం దగ్గర సముద్రం వెనక్కు పోయింది. ఎప్పుడూ నీళ్లలో ఉండే రాళ్లు బయటపడ్డాయి. అలా పోయిన నీళ్లు మళ్లీ మీదికి వస్తాయి. కాబట్టి గవ్వలు ఏరడానికి, చేపలు పట్టడానికి, వింత చూడడానికి పోకూడదు. పిల్లల్ని తీసుకుని వెంటనే మెట్టకు పరుగెత్తాలి. ఒక అల వచ్చి పోయిందని కిందికి దిగకూడదు. వెనక ఇంకా పెద్ద అల రావచ్చు.

ఇప్పుడు హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం ఉంది. 2007 నుంచి పనిచేస్తోంది. తుఫాను కబురు వాతావరణ శాఖ చెబుతుంది. ఆ మాట వింటే ప్రాణాలు దక్కుతాయి.

ఆలోచించి చెప్పండి

1. అమావాస్యనాడు ఆటు ఎందుకు ఎక్కువ?
2. ఏ వైపు గాలి వీస్తే ఒడ్డున నీళ్లు తగ్గుతాయి?
3. సముద్రం ఉన్నట్టుండి వెనక్కు పోతే ఏం చేయాలి? ఇంట్లో పిల్లలకు చెప్పండి.