తుపాకి గాయాన్ని దాచకండి

మాచర్ల, వెల్దుర్తి వైపు నల్లమల అంచు పల్లెల్లో అడవిపందుల నుండి పైరు కాపాడుకోవాలని కొందరు నాటు తుపాకి ఉంచుకుంటారు. లైసెన్సు లేని తుపాకి 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అందుకే అది పేలి గాయమైతే, కేసవుతుందని భయపడి "ఎద్దు పొడిచిందమ్మా" అంటారు. లేదా తెల్లవారేదాకా ఇంట్లోనే ఉంచుతారు. ఆ ఆలస్యమే ప్రాణం తీస్తుంది.

నాటు తుపాకి గుండ్లతోపాటు గుడ్డపేలికలు, మసి కూడా ఒంట్లోకి తోస్తుంది. పైకి చిన్న రంధ్రమే కనబడినా లోపల పేగు చిల్లుపడి ఉండవచ్చు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి 108కి ఫోన్ చేయండి. పసుపు, కాఫీపొడి అద్దవద్దు. గుండు కోసం కెలకవద్దు. ఆపరేషన్ అవసరం కావచ్చు గనుక నీళ్లు కూడా తాగించవద్దు. దేనితో, ఎప్పుడు, ఎంత దూరం నుండి తగిలిందో డాక్టరుగారికి ఉన్నదున్నట్లు చెప్పండి.

పోలీసులకు మేము తెలియజేయాలి, నిజమే. కాని ముందు వైద్యం, తరువాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది.

లైసెన్సు ఉన్నవారికీ ఒక మాట. ఎన్నికలప్పుడు స్టేషనులో అప్పగించిన తుపాకిని తిరిగి తెచ్చుకున్నాక తూటాలు వేసి ఉంచకండి. తుపాకి ఒకచోట, తూటాలు మరోచోట తాళం వేసి పెట్టండి. తాళంచెవి గోడమేకుకు తగిలిస్తే పిల్లలకు ఇచ్చినట్లే! ఇంట్లో తాగుడు అలవాటున్నవారు గానీ, చచ్చిపోతానని మాట్లాడేవారు గానీ ఉంటే, ఎన్నికలు లేకపోయినా ఆ తుపాకిని స్టేషనులో అప్పగించండి.