ఒంటేలు ఆగని వాళ్ళకు ఒక నర్సమ్మ చెప్పే మాటలు

నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో ఏఎన్ఎంగా తిరిగి, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరైన దాన్ని. టీకాలు, కాన్పులు, కుటుంబ నియంత్రణ మా డ్యూటీ. ఒంటేలు ఆగకపోవడమనే జబ్బుకి మా రిజిస్టర్లలో గడి కూడా ఉండేది కాదు. అయినా బిడ్డకి టీకా వేయించుకుని కోడలు బయటికి పోగానే, అత్త వెనక్కి ఉండిపోయి గొంతు తగ్గించి అడిగేది దీని గురించే. ఇప్పుడు వాళ్ళే ఫోన్లో వీడియో చూపించి "నరానికి చిన్న మిషనంట నర్సమ్మా, పెడితే ఆగిపోద్దంట, నిజమేనా?" అంటున్నారు. నిజమే. అయితే ఆ మిషన్ దాకా పోయేముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

1. ఏ రకమో తేలకుండా మిషన్ మాట ఎత్తొద్దు.

దగ్గితే, తుమ్మితే, బిందె ఎత్తితే చుక్కలు పడడం ఒక రకం. కాన్పులతో అడుగు కండరాలు వదులైన ఆడవాళ్ళలో ఎక్కువ. ఆ కండరాలు బిగించి వదిలే వ్యాయామాన్ని కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లోనే రాసిపెట్టాడు. దాంతో కుదరకపోతే ఆపరేషన్ ఉంది. నరానికి పెట్టే మిషన్ ఈ రకానికి కాదు.

రెండో రకం ఉన్నట్టుండి తన్నుకొచ్చేది. బాత్రూము గొళ్ళెం తీసేలోపే బట్టలు తడిసిపోతాయి, రాత్రి నాలుగైదుసార్లు లేవాలి. మిషన్ ముఖ్యంగా వీళ్ళ కోసం. దారిలో అడ్డేమీ లేకపోయినా మూత్రసంచి ఖాళీ కాని వాళ్ళు మూడో రకం, వీళ్ళలోనూ కొందరికి పనికొస్తుంది. ప్రొస్టేట్ పెరిగి దారి మూసుకుపోయిన మగవాళ్ళకు మాత్రం ముందు ఆ అడ్డు తీయాలి. ఆడవాళ్ళు గర్భసంచి జారిందేమో చూపించుకోవాలి. మూత్ర పరీక్ష, షుగరు పరీక్ష పీహెచ్‌సీలోనే అవుతాయి. వాటికి నెల్లూరు బస్సెక్కనక్కర్లేదు.

2. నీళ్ళు మానేయడం వైద్యం కాదు.

డి.సి.పల్లి, కలిగిరి పక్క పొగాకు పనికి పోయే ఆడవాళ్ళు పొద్దున గుక్కెడు టీ తాగి సాయంత్రం దాకా నీళ్ళు ముట్టరు. చేలో చాటు దొరకదు, మగ కూలీలు ఉంటారు. పెళ్ళికి బస్సులో పోవాలంటే ముందురోజు నుంచే గొంతు ఎండబెట్టుకుంటారు. నీళ్ళు తగ్గితే ఒంటేలు చిక్కబడి మంట పుడుతుంది, సంచి ఇంకా చిరాకు పడి ఇంకా తరుముతుంది. తగ్గించాల్సింది టీ, కాఫీ. పడుకోబోయే ముందు రెండు మూడు గంటలు నీళ్ళు కాస్త తగ్గించుకోవచ్చు, అంతే.

3. క్యాలెండర్ మీద గీతలు గీయండి.

చదువు రాని వాళ్ళతో నేను చేయించిన పని ఇది. గోడమీది క్యాలెండర్, రెండు పెన్నులు. ఒంటికి పోయిన ప్రతిసారీ ఆ తారీకు గడిలో నీలం గీత, బట్టలు తడిసిన ప్రతిసారీ ఎర్ర గీత. నీళ్ళ సీసాని సగానికి కోసి, మందు సీసా మూతతో కొలిచి లోపల గుర్తులు పెట్టుకుంటే ఎంత పోస్తున్నామో కూడా తెలుస్తుంది. మూడురోజులు చాలు. పగలు ఏడెనిమిది సార్లు, రాత్రి ఒకసారి అయితే ఫర్వాలేదు. ఒక గడిలో పదిహేను నీలం గీతలు, అయిదు ఎర్రవి ఉన్నాయంటే డాక్టరు ఇంకో ప్రశ్న వేయకముందే సగం అర్థమైపోతుంది. "చానా సార్లు పోతాండా సార్" అంటే ఆయన రాసుకోవడానికేమీ ఉండదు. పైగా తర్వాత మిషన్ పెట్టాలా వద్దా తేల్చేది కూడా ఈ గీతలే. ఎట్లాగో తర్వాత చెప్తాను.

4. నడుము సంగతి ముందు చూడాలి.

ఇది మన ప్రాంతానికి ప్రత్యేకం. తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బుని మన దేశంలో మనుషుల్లో మొట్టమొదట వివరంగా రాసింది నెల్లూరు జిల్లా గురించే. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ఆ వ్యాసం అచ్చువేశారు.  పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు మన జిల్లావే, 1970లో ప్రకాశం జిల్లాకి పోయాయి. జిల్లా గీత మారితే నేలలో నీళ్ళు మారవు కదా.

ఏళ్ళ తరబడి ఆ బోరు నీళ్ళు తాగినవాళ్ళకు వెన్నుపూసలు బిగుసుకుపోతాయి, నరాలు పోయే దారి ఇరుకవుతుంది. నడుము వంగదు, మెడ తిరగదు, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఒంటేలు అదుపు తప్పుతుంది. అలాంటి మనిషికి సంచి ఒక్కటే చూసి మందులిస్తే ఏం లాభం? వెన్నుకి ఎమ్మారై తీయించాలి. అక్కడ నరం నలుగుతుంటే ముందు దాని సంగతి. ఇంకొక్క మాట, మరిచిపోవద్దు: నడుంనొప్పితో పాటు కాళ్ళలో బలం తగ్గి, కూర్చునే చోట స్పర్శ తెలియక, ఒంటేలు బిగిసిపోతే రేపటి బస్సు కోసం చూడొద్దు. 108కి ఫోన్ చేయండి.

5. మిషన్ మొదటి మెట్టు కాదు, పెట్టేముందు పరీక్ష ఉంటుంది.

వ్యాయామం, ఆపుకునే సాధన, తర్వాత సోలిఫెనాసిన్, మిరాబెగ్రాన్ లాంటి మాత్రలు. సోలిఫెనాసిన్‌తో నోరు ఎండి మలబద్ధకం వస్తుందని మధ్యలో మానేసేవాళ్ళే ఎక్కువ, మానేసేముందు డాక్టరుకి చెబితే మాత్ర మారుస్తారు. అదీ కాకపోతే సంచి కండరంలోకి బొటాక్స్ సూది. వీటితో కుదరనప్పుడు నరం దగ్గరికి వస్తారు.

నరానికి కరెంటిచ్చి మూత్రసంచిని దారికి తేవాలన్న ఆలోచన పాతదే. ఇంగ్లండులో బ్రిండ్లీ 1970ల్లో వెన్ను దెబ్బతిన్న వాళ్ళకోసం ఒక మిషన్ తయారుచేశాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో తనాగో, ష్మిట్ ఇప్పటి పద్ధతికి దారి వేశారు. ఆ పద్ధతి మిషన్‌కి అమెరికా ప్రభుత్వం 1997లో అనుమతిచ్చింది. మెడ్‌ట్రానిక్ అనే కంపెనీ వాళ్ళ ఇంటర్‌స్టిమ్ అది. 2019లో ఆక్సోనిక్స్ అనే కంపెనీది వచ్చింది, తిరిగి చార్జి చేసుకునే రకం, 15 ఏళ్ళు పనిచేసేలా తయారైంది. మరుసటేడు వచ్చిన ఇంటర్‌స్టిమ్ మైక్రో 2.8 ఘన సెంటీమీటర్లు, అంటే టానిక్కు పోసుకునే చెంచాలో సగానికి కాస్త ఎక్కువ.

పిరుదుల పైన, నడుము చివర ఉండే ఎముకకి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. మూడో రంధ్రంలోంచి వచ్చే నరాన్ని డాక్టర్లు ఎస్3 అంటారు. సంచి నిండిందా లేదా అన్న కబురు మోసే నరాల్లో అది ముఖ్యమైంది. సంచి నిండకుండానే నిండిందని పోయే తప్పుడు కబుర్లని మిషన్ పంపే సన్నని కరెంటు శాంతపరుస్తుంది. సంచిని అది పిండదు, మూయదు. ఇది మావాళ్ళకు చెప్పడం కష్టం, కుళాయికి బిగించే బిరడా అనుకుంటారు.

పెట్టేటప్పుడు బోర్లా పడుకోబెడతారు. ఎక్స్‌రేలో చూస్తూ సూది దింపి, దాని గుండా సన్నని తీగ పోనిస్తారు. చోటు కుదిరిందో లేదో కాలి బొటనవేలు చెబుతుంది! కొంచెం కరెంటివ్వగానే బొటనవేలు కిందికి వంగి, మలద్వారం దగ్గర కండరం లోపలికి లాగితే సరిగ్గా తగిలినట్టు. తీగ రెండో కొసని నడుముకి కట్టుకునే చిన్న బ్యాటరీకి కలిపి ఇంటికి పంపుతారు. వారం, రెండు వారాలు పరీక్ష. ఆ రోజుల్లో మళ్ళీ గీతలు గీయాలి. ఎర్ర గీతలు కనీసం సగానికి తగ్గితేనే అసలు మిషన్‌ని పిరుదు పైభాగంలో చర్మం కింద పెడతారు. తగ్గకపోతే తీగ తీసేస్తారు. ఇంత ఖరీదైన వస్తువుని ముందు వాడి చూసి తీసుకునే వీలుంది. ఈ పరీక్ష లేకుండా నేరుగా పెడతామంటే మాత్రం ఇంకో డాక్టరుని అడిగి రండి.

6. చీలమండ దారి కూడా ఉంది.

లోపలి చీలమండకి మూడు వేళ్ళ పైన ఒక నరం పోతుంది, దాని మూలం కూడా నడుము నరాల్లోనే. అక్కడ సన్నని సూది గుచ్చి వారానికోసారి అరగంట కరెంటిస్తారు, పన్నెండు వారాలు. ఆపరేషన్ లేదు. సూది కూడా వద్దంటే అదే చోట అతుక్కునే ప్యాడ్లు పెట్టి టెన్స్ మిషన్‌తో ఇచ్చే పద్ధతి ఉంది. ఆ మిషన్ నొప్పులకు వాడేదే, ఫిజియోథెరపీ చేసేవాళ్ళ దగ్గర ఉంటుంది. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు దీని జోలికి పోకూడదు. యూరాలజిస్టు చీటీ రాసిస్తే మా ఆత్మకూరు మనిషికి ఈ ప్యాడ్ల పద్ధతే ముందు చూడమంటాను నేను. సూది కోసం వారం వారం మద్రాసు పోయి రావడం ఎవరివల్ల అవుతుంది?

ఈ చీలమండ నరానికే చర్మం కింద పెట్టే చిన్నవి కూడా వచ్చాయి. ఈకాయిన్ అనే నాణెమంత మిషన్‌కి 2022లో, బ్యాటరీ లేకుండా చీలమండకి కట్టుకునే పట్టీతో నడిచే రెవికి 2023లో అమెరికా అనుమతి వచ్చింది. వీడియోల్లో మీవాళ్ళు చూసేది చాలావరకు ఇవే.

7. దూరం లెక్క వేసుకోండి.

మిషన్ ఖర్చు లక్షల్లో ఉంటుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో వస్తుందా రాదా అన్నది ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడిగి, రాతపూర్వకంగా తెలుసుకోండి. డబ్బు ఒక ఎత్తు, తర్వాతి తిరుగుడు ఒక ఎత్తు. కరెంటు ఎంత ఇవ్వాలో సరిచేయడానికి మళ్ళీ మళ్ళీ పోవాలి. తీగ జరగొచ్చు, చీము పట్టొచ్చు, షుగరున్న వాళ్ళకు ఆ భయం ఎక్కువ. పెట్టిన కొత్తలో కొన్ని వారాలు బిందెలు మోయకూడదు, నడుం వంచి కలుపు తీయకూడదు. ఉదయగిరి కొండ కింద ఒంటరిగా ఉండే ముసలమ్మకి ఆ కొన్ని వారాలు నీళ్ళెవరు తెచ్చిపెడతారన్నది డాక్టరు అడగడు, మనమే అడగాలి. మతిమరుపు ఉన్నవాళ్ళకు చార్జింగ్ అక్కర్లేని రకం నయం.

కొడుకు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటే అక్కడ చేయించుకుని రెండు నెలలు అక్కడే ఉండి రావడం మేలు. కోడలికి చెప్పుకోవడానికి సిగ్గనుకుంటే నన్ను పిలవండి, నేను చెప్తాను. ఇప్పటిదాకా నేను చెప్పిన ఏ కోడలూ నవ్వలేదు.

8. కార్డు దగ్గర పెట్టుకోండి.

మిషన్ పెట్టాక కంపెనీ పేరు, మోడలు రాసిన కార్డిస్తారు. ఆధార్ ఎక్కడుంటే అదీ అక్కడే ఉండాలి. ఎమ్మారైకి పోతే గదిలోకి అడుగు పెట్టకముందే ఆ కార్డు చూపించాలి. కొత్త మోడళ్ళకు కొన్ని షరతులతో తీయొచ్చు, పాతవాటిలో చాలావాటికి ఒళ్ళంతా తీసే వీల్లేదు. మనవైపు నడుంనొప్పి, మోకాలినొప్పి అనగానే డయాథర్మీ అని వేడి పెడతారు. లోపల మిషన్, తీగ ఉన్నవాళ్ళకు అది ఒంట్లో ఏ చోటా పెట్టకూడదు. తీగ కొస వేడెక్కి నరం పక్కన కండ కాలిపోతుంది. పెట్టేవాళ్ళు అడగకపోయినా మంచమెక్కేముందే మీరే చెప్పండి.