గోడమీది బాలలు

కోనసీమలోని పాత మండువాలోగిళ్ళలో దూలముల క్రింద, కొంచెము ముందునకు వాలి వరుసగా వ్రేలాడు ఛాయాచిత్రములు నేటికిని కానవచ్చును. పెద్దల పటములకు పూలదండలుండును, క్రింద పేరుండును. ఆ ప్రక్కనే చిన్న చట్రములో, కుర్చీపై చేయి వేసి నిలిచిన బాలుడో, తల్లి యొడిలోని పసిబిడ్డయో కనబడును. వారెవరని యడిగినచో ఇంటివారు ఒకరి మొగమొకరు చూచుకొందురు. పెరిగి పెద్దయైనవారికి సంతానము, పొలము, దస్తావేజులపై సంతకములు మిగులును. బాల్యముననే గతించిన బిడ్డకు మిగులునది ఆ పటమొక్కటే.

అట్టి బిడ్డ యెవరో తెలిసికొనుటకు మొదట పటమునే పరీక్షింపవలెను. పూర్వము స్టూడియోలవారు పటము నంటించిన అట్టపై తమ పేరును, ఊరును ముద్రించుట కలదు. దుస్తులును సాక్ష్యము చెప్పును గాని, ఒక్కొక్కప్పుడు మోసగించును. జడ వేసి పూలు ముడిచిన బిడ్డ ఆడపిల్లయే యని తలపరాదు. పుట్టువెండ్రుకలు తీయించుటకు ముందు మగపిల్లలకును జడ వేసి పటము తీయించుట మన యిండ్లలో నొక ముచ్చట. పెద్దపిల్లకు పూలజడ వేసినపుడైతే వెనుక అద్దము నిలిపి, మొగమును జడయు ఒక్క పటముననే పడునట్లు తీయించెడివారు.

అట్టపై రంగూను అని యున్నచో కథ సముద్రము దాటును. గోదావరి, విశాఖపట్టణ మండలములనుండి వేలకొలది తెలుగువారు పనులకై బర్మాకు పోయిరి. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరున వారిని అచ్చట కోరంగీలనిరి. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేయగా, లక్షలకొలది భారతీయులు ఆ దేశము విడిచిరి. ఓడలలో చోటు దొరకనివారు కొండలు, అడవులు దాటి కాలినడకను వచ్చిరి. త్రోవలో వేలమంది మరణించిరి. చంకలో బిడ్డను, నెత్తిపై మూటను మోయువారు పటముల నెట్లు తేగలరు? అంతకు ముందే తాతగారికి టపాలో పంపినదైనచో అది యిచ్చట గోడపై నిలిచియుండును.

పటము చెప్పలేనిది ఇంటిలోని ముసలమ్మ చెప్పవలెను. ఆమెను ఏ సంవత్సరమని యడిగిన లాభము లేదు. 1953 నాటి గోదావరి వరదకు ముందా, తరువాతనా యని యడిగిన జ్ఞప్తికి వచ్చును. పేర్ల విషయమున మిక్కిలి జాగ్రత్త వలెను. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారముచే ఒకే పేరు తరము విడిచి తరము వచ్చుచుండును. పెంటయ్య, పుల్లయ్య వంటి పేరు వినబడినచో ఆగి మరల ప్రశ్నింపవలెను. పుట్టిన బిడ్డలు వరుసగా పోవుచుండగా, ఈ బిడ్డయైనను దక్కవలెనని తల్లిదండ్రులు అట్టి పేరు పెట్టెడివారు. ఆ యొక్క పేరు వెనుక, ఏ గోడమీదను లేని అన్నలు, అక్కలు ఎందరో యుందురు.

తరువాత వ్రాతలు. పటము వెనుక ‘విభవ’ అని యున్నచో అది 1928 కావచ్చును, అరువదేండ్లకు మరల వచ్చిన 1988 కావచ్చును. అట్టను చూచి తేల్చుకొనవలెను. బడి రిజిస్టరులో తండ్రి పేరు, ఊరు దొరకును. అందలి పుట్టిన తేదీని మాత్రము పూర్తిగా నమ్మరాదు. తండ్రికి తేదీ తెలియనపుడు పంతులుగారే యొకటి వేసెడివారు. గ్రామోద్యోగులు జననమరణముల పట్టికలు వ్రాసెడివారు. వంశపారంపర్యపు ఆ ఉద్యోగములు 1984లో రద్దైనవి. బారసాలకు ముందే వ్రాయించిన చోట శిశువునకు పేరే యుండదు. తండ్రి పేరు, మగయో ఆడయో, తేదీ మాత్రముండును.

ఇట్లు తెలిసిన పేరును పటము వెనుక అంచున మెత్తని పెన్సిలుతో, గట్టిగా నొత్తక వ్రాయవలెను. ఎవరు చెప్పిరో, ఏనాడు చెప్పిరో అదియు చేర్చవలెను. సిరాతో వ్రాయరాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమపై విరుచుకొనిపడినపుడు ఇండ్ల పైకప్పులు లేచిపోయి గోడలన్నియు నానినవి. నీట సిరా కరగిపోవును. పెన్సిలు గీత నిలుచును.