డెవలపర్ ఆప్షన్లు: ఏది తాకొచ్చు, ఏది తాకకూడదు

ఎవరి ఫోనైనా నెమ్మదిస్తే మన క్లాసులో వెంటనే వినబడే సలహా: "డెవలపర్ ఆప్షన్స్ ఆన్ చెయ్యవే, స్పీడైపోతుంది." ఇది సగమే నిజం.

ఆండ్రాయిడ్ ఫోనుల్లో ఈ భాగం యాప్‌లు తయారుచేసేవాళ్ళ కోసం పెట్టింది. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.2 నుంచి దీన్ని దాచి ఉంచుతున్నారు. సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్'కి వెళ్ళి 'బిల్డ్ నంబర్' మీద ఏడుసార్లు నొక్కితే, మీరు డెవలపర్ అయ్యారని ఫోను చెబుతుంది. డిగ్రీ పూర్తికాకుండానే! శామ్‌సంగ్‌లో ఆ నంబరు 'సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్' లోపల ఉంటుంది.

స్పీడు సంగతి చూద్దాం. యానిమేషన్ స్కేల్ పేరుతో మూడు వరసలుంటాయి, మామూలుగా 1 మీద. వాటిని 0.5 చేస్తే ఒక తెర పోయి ఇంకోటి వచ్చే కదలిక సగం సమయంలో అయిపోతుంది. ఫోను చురుగ్గా అనిపిస్తుంది. అనిపిస్తుందంతే, ప్రాసెసరూ మెమరీ ఉన్నవి ఉన్నట్టే. అయినా పాత ఫోనువాళ్ళకి ఆ మాత్రం హాయి తక్కువేం కాదు. ఇంకో సరదా: 'ఫోర్స్ ఆర్‌టీఎల్' నొక్కితే తెరంతా ఉర్దూ పుస్తకంలా కుడినుంచి ఎడమకి సర్దుకుంటుంది.

'యూఎస్‌బీ డీబగ్గింగ్' మాత్రం సరదా కాదు. అది ఆన్‌లో ఉంటే, ఫోనుకి కేబులుతో కలిపిన కంప్యూటరు నుంచి యాప్‌లు ఎక్కించొచ్చు, ఫోటోలు కాపీ చెయ్యొచ్చు, తెరమీద జరిగేది రికార్డు చెయ్యొచ్చు. కొత్త కంప్యూటరుకి కలిపినప్పుడు ఫోను మన అనుమతి అడుగుతుంది, నిజమే. కానీ రిపేరు షాపులో ఫోనిచ్చి, పిన్ కూడా చెప్పి వచ్చేస్తాం కదా, అప్పుడు 'సరే' నొక్కేది కౌంటర్ వెనకున్న మనిషి. మనం ఎక్కడెక్కడ తిరుగుతున్నామో ఇంకొకరికి చేరవేసే యాప్ ఎక్కించడానికి అయిదు నిమిషాలు చాలు. అమ్మాయిలం ఇది తేలిగ్గా తీసుకోకూడదు.

అందుకే రిపేరు నుంచి ఫోను రాగానే సెట్టింగ్స్‌లో 'సిస్టమ్' తెరవండి. మీరు ఎప్పుడూ ఆన్ చెయ్యని డెవలపర్ ఆప్షన్స్ అక్కడ కనబడితే ఇంకెవరో చేశారన్నమాట. లోపలికెళ్ళి 'రివోక్ యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆథరైజేషన్స్' నొక్కితే ఇంతకుముందు ఒప్పుకున్న కంప్యూటర్లన్నీ రద్దవుతాయి. తర్వాత పైనున్న పెద్ద స్విచ్ ఆపెయ్యండి. తెలియని యాప్ ఏదైనా ఉందేమో జాబితా అంతా చూడండి, పిన్ మార్చండి.

స్విచ్ ఆపితే యానిమేషన్ మళ్ళీ 1కి వచ్చేస్తుంది. దానికి బాధపడక్కర్లేదు. చాలా ఫోనుల్లో 'యాక్సెసిబిలిటీ'లోనే యానిమేషన్లు తీసేసే స్విచ్ ఒకటుంది, దానికి డెవలపర్ కానవసరం లేదు. పైగా డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. ఫీజు కట్టే చివరిరోజున అది గుర్తుకురావడం కష్టం.