ఆపత్కాలమున పనివారి పెద్ద

నలుగురిచేత పని చేయించు పెద్దకు, పని సవ్యముగా సాగునంత కాలము పరీక్ష లేదు. వేళకు గంట మ్రోగును, నెలకు జీతమందును, చెప్పిన మాట చెల్లును. రేపేమగునో యెవ్వరికిని తెలియని దినమున వాని యోగ్యత బయటపడును. దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున 2010లో జరిగిన సంగతి యొకటి యిందుకు మంచి పాఠము.

అటకామా యెడారిలో, కోపియాపో పట్టణమునకు చేరువను సాన్ హోసే అను రాగి, బంగారు గని యుండెను. 2010 ఆగస్టు 5వ తేదీన లోపలి కొండ విరిగిపడి దారి మూసికొనిపోయెను. 33 మంది పనివారు సుమారు 700 మీటర్ల లోతున చిక్కువడిరి. వారిలో పిన్నవానికి 19 ఏండ్లు, పెద్దవానికి 63. గాలి వచ్చు బిలము గుండ పైకెక్కజూచిరి గాని, అందుండవలసిన నిచ్చెన పూర్తిగా లేకపోయెను.

ఆ పూట పనికి పెద్ద లూయిస్ ఉర్సువా. వయస్సు 54 ఏండ్లు. గనిలో పెద్దలకు గుర్తు తెల్లని హెల్మెట్టు. అతడు దానిని తీసివేసి, ఇక మనలో యజమాని, సేవకుడు అను భేదము లేదు, అందఱమును కలిసి నిర్ణయించుకొందము అని చెప్పెను.

ఈ సంగతి మొదట చదివినపుడు నాకు రుచింపలేదు. అల్లరి జరుగుచున్న తరగతిలో ఉపాధ్యాయుడు కుర్చీ విడిచి పిల్లల బల్లపై కూర్చుండినట్లు తోచినది. తోటివారిలోను కొందఱు అతనిని మెతకవాడనిరి. మారియో సెపుల్వేదా అను మాటకారి ముందుకు వచ్చి, పలు పనులు నెత్తిన వేసికొనెను. ఉర్సువా అతని కడ్డుపడలేదు. తనకంటె చొరవగలవాడు లేచినపుడు అసూయ పడకుండుట యెంత కష్టమో, ఏ కార్యాలయములోనైనను పెద్దఱికము చేసినవారికి తెలియును.

ఆశ్రయస్థానమునందలి ఆహారము రెండు మూడు దినములకు మాత్రము చాలునంతటిది. మొదటి రాత్రియే కొందఱు ఆకలికాగలేక దానిపై చేయి వేసిరి. వారిని తిట్టి ప్రయోజనమేమి? పంపకమునకు కట్టుబాటు చేసికొనిరి. డబ్బాలోని చేప చెంచా రెండు చెంచాలు, గ్రుక్కెడు పాలు, బిస్కట్టు ముక్క: మొదట దినమున కొకసారి, పిమ్మట రెండు దినముల కొకసారి. త్రాగుటకు యంత్రముల కొఱకుంచిన నూనె వాసన నీరే దిక్కు. అందఱికిని వడ్డించువఱకు ఎవ్వరును నోట పెట్టరాదు. మన మఠములలో పంక్తిని కూర్చుండినవారికి దీని భావము వేఱుగ చెప్పనక్కఱలేదు. భోజనమునకు ముందు హోసే ఎన్రీకెస్ అను పనివాడు ప్రార్థన చేయించెడివాడు.

రక్షించువారెప్పుడు వత్తురో, అసలు వత్తురో రారో, ఉర్సువా చెప్పగలవాడు కాడు. మరల భోజన మెప్పుడో, ఒక్కొక్కని భాగమెంతయో మాత్రము చెప్పగలిగెను. భూమి కొలతలు నేర్చినవాడగుటచే సొరంగముల పటమును గీసెను. వాహనముల దీపములు వెలిగించి పగలని, ఆర్పి రాత్రియని యేర్పఱచిరి. నిద్రకు, మేలుకొనుటకు వేళ యేర్పడినది.

పదునేడవ దినమున, ఆగస్టు 22న, పైనుండి త్రవ్విన బరమా సన్నని రంధ్రము చేసికొని వారి చెంతకు దిగినది. తాము 33 మందియు క్షేమమని వ్రాసిన చీటిని దానికి కట్టి పంపిరి. ఆహారము, మందులు ఆ రంధ్రముననే రాసాగెను. విచిత్రమేమనగా, కడుపు నిండిన పిదపనే వారిలో కలహములు పెరిగెను. అప్పుడు మూడు గుంపులై, ఎనిమిది గంటల కొక గుంపు చొప్పున పని పంచుకొనిరి. రంధ్రమున దిగిన వస్తువుల నందుకొనుట, పైనుండి పడు ఱాళ్లను ఎత్తివేయుట వంటి పనులు గుంపుల పాలయ్యెను. ఊరక కూర్చుండుటకంటె కాయకము మేలని వారికి వేఱొకరు బోధింపలేదు.

అక్టోబరు 13న ఇరుకైన ఇనుప గూటిలో ఒక్కొక్కరిని పైకి లాగిరి. తెల్ల హెల్మెట్టు తీసివేసిన మనుష్యుడు తొలి వరుసలో లేడు. 32 మంది వెడలిన పిదప చివరివాడుగ వచ్చెను. ఎదుట నిలిచిన దేశాధ్యక్షుడు సెబాస్టియన్ పిన్యేరాకు, తన పూట పనిని అప్పగించుచున్నానని చెప్పెను. ఒక్క దినపు పూట, 69 దినములైనది.